దోసతీగ మొదలెక్కడ? – సయాం ధర్మశాస్త్రంలో కుటుంబమూ, భూమీ

సయాం దేశపు ప్రాచీన ధర్మశాస్త్ర పీఠికలో ఒక దోసపాదు తగాదా ఉంది. ఇద్దరు మనుషులు పక్కపక్కన దోసతోటలు వేసుకున్నారు. నడుమ ఒక మట్టికట్ట. ఒకని పాదు తీగ ఆ కట్ట దాటి రెండవవాని నేల మీదికి పాకి అక్కడ కాయలు కాసింది. ఆ కాయలెవరివి? వ్యవహారం మనోసారుడనే న్యాయాధికారి ఎదుటికి వచ్చింది. ఏ నేల మీద కాయ ఉంటే ఆ నేలగలవానిదే కాయ అని ఆయన తీర్పు చెప్పాడు. ఓడినవాడు రాజుకు మొర పెట్టుకోగా రాజు మరొక అమాత్యుణ్ణి పంపాడు. ఆ అమాత్యుడు తీగకొస పట్టుకుని మెల్లగా పైకెత్తి, వెనక్కు మళ్ళిస్తూ మొదలు దాకా వచ్చి, వేరు ఎవరి పాదులో ఉందో కాయ వారిదేనని నిర్ణయించాడు. లోకమంతా ఆ తీర్పును మెచ్చింది. మనోసారుడు సిగ్గుపడి కొలువు విడిచి అడవికి పోయి తపస్సు చేసి, ధ్యానసిద్ధి పొంది, ఆకాశమార్గాన చక్రవాళపు గోడ దాకా వెళ్ళి, అక్కడ ఏనుగంతేసి అక్షరాలతో వ్రాసి ఉన్న ధర్మశాస్త్రాన్ని చదివి, జ్ఞాపకం ఉంచుకుని తెచ్చి రాజుకు సమర్పించాడట.

మనోసారుడంటే వేరెవరో కాదు, మన మనువే. మోను ప్రజల దేశం మీదుగా, పాళీ వేషం వేసుకుని, బౌద్ధుడై సయాం చేరుకున్నాడు. అక్కడి గ్రంథం పేరు థమ్మసాత్. అక్షరాల ధర్మశాస్త్రమే. ఆ గ్రంథం రామఞ్ఞ దేశం నుంచి, అంటే మోనుల నుంచి, తమకు సంక్రమించిందని సయామీయులే చెప్పుకున్నారు. మోనులను బర్మావారు ‘తలైంగులు’ అని పిలిచేవారు. ఆ మాటకూ మన ‘తెలింగ’ శబ్దానికీ చుట్టరికం కలిపిన పండితులున్నారు, కాదన్నవారూ ఉన్నారు. ఆ తగవులోకి నేనిప్పుడు దిగను.

ఈ విషయం మీదికి నా దృష్టి మళ్ళడానికి కారణం నా పూర్వశిష్యుడొకడు. బ్యాంకాకులో ఇంజనీరుగా ఉంటూ అక్కడి అమ్మాయినే వివాహమాడాడు. ఆమె పుట్టినూరు ఈశాన్య ప్రాంతంలో ఖోన్ కేన్ దగ్గర ఒక పల్లె. ఇక్కడ తండ్రి ఇచ్చిన రెండెకరాలు అమ్మి, ఆ సొమ్ముతో అక్కడ స్థలం కొని ఇల్లు కట్టుకోవాలని అతని సంకల్పం. “స్థలం నా పేర పెట్టరట మాస్టారూ, ఆమె పేరనే పెడతారట. పైగా ఆ డబ్బు నాది కాదని నేను సంతకం చెయ్యాలట. ఇదేం న్యాయం?” అని ఉత్తరం వ్రాశాడు. న్యాయవాదిని అడగవలసిన ప్రశ్న తెలుగు పండితుణ్ణి అడగడం వింతగానే తోచింది. కాని ఆ కాగితాల్లోని పదాలు కొన్నింటి ఉచ్చారణ అతను తెలుగు లిపిలో వ్రాసి పంపినప్పుడు, అతను నన్నే ఎందుకడిగాడో అర్థమైంది.

ఆ పదాలు చూడండి. భార్యను వారు ‘ఫన్‌రయా’ అంటారు. భర్త ‘సామీ’, అంటే స్వామి. వివాహం ‘సోమ్‌రోత్’, వ్రాతలో చూస్తే ‘సమరస’. ఆస్తి ‘సప్’, మూలం ‘ద్రవ్య’ శబ్దం. వారసత్వంగా వచ్చినది ‘మోరదోక్’, అది మన ‘మృతక’మే. వీలునామా ‘ఫినైకమ్’, వినయకర్మ. న్యాయానికి ‘యుత్తితమ్’, యుక్తిధర్మం. యాజమాన్య హక్కుకు వారి మాట ‘కమ్మసిత్’, అంటే కర్మ, సిద్ధి రెండూ కలిసినది. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన నాకు భూస్వామ్యానికి ఇంత చక్కని సమాసం స్ఫురించలేదు. కాని ‘విడాకులు’ అనడానికి మాత్రం వారికి సంస్కృతం పనికిరాలేదు. ‘యా’ అనే స్వంత మాటే వాడతారు. మన ధర్మశాస్త్రంలో లేని వస్తువుకు మన భాషలో పేరు ఎక్కడ దొరుకుతుంది?

ఇక్కడే అసలు భేదం ఉంది. మనువు అష్టాదశ వ్యవహార పదాలు చెప్పాడు. విజ్ఞానేశ్వరుని మితాక్షరను పదమూడవ శతాబ్దిలో కేతన తెలుగు చేసినప్పుడు మనవారికీ అదే పద్ధతి దేశభాషలో అందింది. సయాం థమ్మసాత్ ఆ చట్రాన్ని పుచ్చుకుని పెంచింది. న్యాయాధికారులను గూర్చి పది మూలాలు, వివాదాలను గూర్చి ఇరవైతొమ్మిది, వెరసి ముప్పైతొమ్మిది ‘మూలఖదీ’లు అందులో ఉన్నాయి. చట్రం మనదే గాని లోపలి సంసారం వారిది. అక్కడ కన్యాదానం లేదు. వరుడు వధువు తల్లిదండ్రులకు ‘సిన్‌సోత్’ అనే సొమ్ము ఇవ్వాలి. మన కన్యాశుల్కానికి దగ్గరి బంధువు అది. పెళ్ళయిన తరువాత అల్లుడు అత్తవారి ఊరు చేరడం ఆ పల్లెల్లో సాధారణం. ఆడపిల్లకు తండ్రి ఆస్తిలో భాగం ఉంది. భర్త తప్పు లేకపోయినా భార్య విడాకులు అడగవచ్చు.

ఈ చివరి మాటే 1804లో పెద్ద అలజడి తెచ్చింది. అమ్‌డేంగ్ పోమ్ అనే స్త్రీ (‘అమ్‌డేంగ్’ అనేది సామాన్య స్త్రీల పేరుకు ముందు చేర్చే మాట) తన భర్త బున్‌శ్రీ నుంచి విడాకులు కోరింది. బున్‌శ్రీ రాజు కొలువులోని కమ్మరి. తన భార్యే పరపురుషునితో పోయిందనీ, తనవైపు తప్పు లేదనీ అతను మొత్తుకున్నాడు. న్యాయస్థానం విడాకులు మంజూరు చేసింది. బున్‌శ్రీ రాజుకు మొరపెట్టుకున్నాడు. అప్పటి రాజు చక్రి వంశపు ప్రథమ రామరాజు. ఆయన భాండాగారాల్లోని మూడు ప్రతులను తెప్పించి సరిచూపించాడు. మూడింటిలోనూ ఒకే పాఠం: పురుషుని తప్పు లేకపోయినా స్త్రీ విడాకులు కోరితే ఇవ్వవలసినదే. అంటే న్యాయాధికారి తప్పు చెప్పలేదు. అయినా రాజు అది న్యాయం కాదన్నాడు. 1767లో అయుత్థయ బర్మా సేనల చేత ధ్వంసమైన తరువాత మిగిలిన పాఠాలు చెడిపోయాయని భావించి, పదకొండు మంది పండితులను నియమించి శాస్త్రాన్నంతా సంస్కరింపజేశాడు. 1805లో ముగిసిన ఆ గ్రంథానికి మూడు ముద్రలు వేశారు: రాజసింహం, గజసింహం, స్ఫటిక పద్మం. ఉత్తర ప్రాంతాల మంత్రిది మొదటిది, దక్షిణ ప్రాంతాల మంత్రిది రెండవది, రేవులూ విదేశీ వ్యవహారాలూ చూసే మంత్రిది మూడవది. అందుకే దానికి ‘మూడు ముద్రల శాసనం’ అని పేరు.

చెడిన పాఠాన్ని బాగు చేశామని రాజపీఠం అన్నది. నాకు మాత్రం తోచేదేమంటే, పాఠం చెడలేదు, అది స్త్రీ పక్షాన ఉండడమే రాజుకు మింగుడు పడలేదు. మూడు ప్రతులు ఏకపాఠమైతే, మా గురువులు చెప్పిన పాఠపరిష్కరణ సూత్రం ప్రకారం అదే మూలపాఠం.

ఆ శాసనంలో భార్యలు మూడు విధాలు. తల్లిదండ్రులు ఇచ్చి చేసిన పెద్దభార్య, తరువాత తెచ్చుకున్న చిన్నభార్య, సొమ్మిచ్చి విడిపించి తెచ్చుకున్న దాసీభార్య. ఆస్తి పంపకంలో భర్తకు రెండు పాళ్ళు, భార్యకు ఒక పాలు. నాలుగవ రామరాజైన మోంగ్‌కుట్ కాలంలో కొంత మార్పు వచ్చింది. 1865లో అమ్‌డేంగ్ మువన్ అనే యువతి తల్లిదండ్రులు బలవంతాన చేయబోయిన పెళ్ళిని కాదని రాజుకు అర్జీ పెట్టుకుని గెలిచింది. భార్యకు తెలియకుండా భర్త ఆమెను అమ్ముకునే హక్కును కూడా అదే దశకంలో ఆ రాజు తీసివేశాడు. స్త్రీని గేదెగానూ పురుషుణ్ణి మనిషిగానూ చూచే చట్టం అన్యాయమని ఆయన భావించాడు.

ఈ చట్టాలు అప్పట్లో సామాన్యునికి చదువుకునే వీలే లేదు. 1849 ప్రాంతంలో మోట్ అమాత్యకుల్ అనే ఆయన వాటిని అచ్చు వేయిస్తే మూడవ రామరాజు ఆ ప్రతులను స్వాధీనం చేసుకున్నాడు. చట్టం తెలిస్తే జనం తగవులమారులవుతారని భయం కాబోలు.

అటువంటి చట్టం పరదేశికి ఎలా వర్తిస్తుంది? వర్తించదు అన్నాడు తెల్లవాడు. 1855లో సర్ జాన్ బౌరింగ్ చేసిన ఒడంబడికతో బ్రిటిష్ ప్రజలు సయాం న్యాయస్థానాల అధికారం నుంచి తప్పుకున్నారు. వారి తగవులు వారి కాన్సలే తీర్చేవాడు. బ్రిటిష్ ప్రజలంటే దొరలు మాత్రమే కాదు. బ్యాంకాకులో బట్టల వ్యాపారం చేసే భారతీయులు, టేకు అడవుల్లో కలప కొట్టే బర్మావారు కూడా ఆ గొడుగు కిందికే వచ్చారు. భూమి విషయంలో ఆ ఒడంబడిక నిబంధన చిత్రంగా ఉంటుంది. బ్యాంకాకు ప్రాకారం నుంచి నాలుగు మైళ్ళ లోపల భూమి కొనాలంటే పదేళ్ళు అక్కడ నివసించి ఉండాలి, లేదా ప్రత్యేకానుమతి పొందాలి. ఆ నాలుగు మైళ్ళు దాటితే, పడవ మీద ఇరవైనాలుగు గంటల్లో చేరగల దూరం వరకు కొనవచ్చు. భూమి హక్కును పడవ వేగంతో కొలిచిన ఒడంబడిక మరొకటి నాకు తెలియదు.

మిగతా రాజ్యాలూ అటువంటి ఒడంబడికలే చేయించుకున్నాయి. తన గడ్డ మీద తన శాసనం చెల్లని దుస్థితి. దాన్ని వదిలించుకోవాలంటే పాశ్చాత్యులు ఒప్పుకునే చట్టం వ్రాయాలి. చులాలంకరణ మహారాజు బెల్జియం నుంచి రోలాన్ జాక్‌మాన్స్ అనే న్యాయకోవిదుణ్ణి సలహాదారుగా రప్పించాడు. రాజకుమారుడు రాజబురి ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చి 1897లో న్యాయ పాఠశాల స్థాపించాడు. జపాను పండితుడు మసావో తోకిచి, ఫ్రెంచి పండితుడు పాదూ తోడయ్యారు. 1908లో శిక్షాస్మృతి, 1920ల మధ్యకు పౌరస్మృతిలోని మొదటి భాగాలు వెలువడ్డాయి. 1909లో సయాం బ్రిటనుకు కేడా, కెలాంతన్, తెరంగాను, పెర్లిస్ అనే నాలుగు మలయ రాజ్యాలపై తన హక్కులు ధారపోసి, అందుకు ప్రతిఫలంగా బ్రిటిష్ ప్రజల మీద కొంత న్యాయాధికారం తిరిగి సంపాదించుకుంది. న్యాయాధికారం ఎంత ఖరీదైనదో ఆ బేరమే చెబుతుంది.

అన్నిటికన్నా ఆలస్యమైనది కుటుంబ భాగం. కారణం బహుభార్యాత్వం. వ్రాసే కులీనుల ఇళ్ళలోనే అనేక భార్యలున్నారు. ఏకపత్నీ నియమం లేకపోతే పాశ్చాత్యులు నాగరిక చట్టమని ఒప్పుకోరు. 1932 విప్లవం వచ్చి రాజు నిరంకుశాధికారం పోయిన తరువాతనే ఆ ముడి విడింది. 1935 అక్టోబరు 1 నుంచి కుటుంబ, దాయభాగ స్మృతులు అమలులోకి వచ్చాయి. వివాహమంటే ఇక తలంబ్రాలో, బౌద్ధభిక్షువుల ఆశీస్సో కాదు, రిజిస్ట్రారు పుస్తకంలో నమోదు. ఒక పురుషునికి ఒక్కతే నమోదైన భార్య. అంతకు ముందు ఏడాదే బ్యాంకాకులో ప్రీది ఫనోమ్‌యోంగ్ స్థాపించిన విశ్వవిద్యాలయానికి పేరు థమ్మసాత్. ధర్మశాస్త్రం చట్టంలోంచి తప్పుకుని బళ్ళో చేరింది. 1937, 38 సంవత్సరాల్లో కొత్త ఒడంబడికలతో కాన్సలు న్యాయాధికారం పూర్తిగా అంతరించింది. దక్షిణాన పట్టాని, యాలా, నరాథివాత్, సతూన్ అనే నాలుగు సీమల ముస్లిముల కుటుంబ వ్యవహారాలకు మాత్రం 1946 నుంచి ఇస్లాం ధర్మమే ప్రమాణం.

పేరుకు ఏకపత్నీవ్రతం వచ్చినా విడాకుల పంపకంలో పాత రెండు పాళ్ళు, ఒక పాలు లెక్క 1935 స్మృతిలోనూ నిలిచిపోయింది. 1976లో గాని సమభాగం రాలేదు. భార్య వ్యభిచరిస్తే భర్త విడాకులు కోరవచ్చు, భర్త విషయంలో మాత్రం పరస్త్రీని భార్యగా పోషించడమో గౌరవించడమో రుజువు కావాలన్న అసమానత 2007 వరకు ఉంది. 2025 జనవరి 22 నుంచి ‘భర్త, భార్య’ అన్న మాటలే పోయి, స్త్రీపురుష భేదం లేకుండా ఏ ఇద్దరైనా వివాహం నమోదు చేసుకోవచ్చునన్న చట్టం అమలులోకి వచ్చింది. అమ్‌డేంగ్ పోమ్‌కు పోయిన హక్కు మాత్రం ఆ రూపంలో తిరిగి రాలేదు. పరస్పరాంగీకారం లేకపోతే ఏదో ఒక కారణం చూపవలసినదే.

ఇక భూమి. కుటుంబ చట్టం పరదేశిని ఒప్పించడానికి వ్రాసినదైతే, భూమి చట్టం పరదేశిని దూరంగా ఉంచడానికి వ్రాసినది. 1901లో కొలతలు వేసి ‘చనోత్’ అనే పట్టాలివ్వడం ఆరంభించారు. 1943లో పరదేశీయుల భూమి గురించి ప్రత్యేక చట్టం చేశారు. 1954 భూస్మృతి, ఒడంబడికలో అనుమతి ఉన్న దేశస్థులకే భూమి అన్నది. 1970లో ఆ ఒడంబడిక అనుమతులన్నీ రద్దయ్యాయి. అప్పటినుంచి, నాలుగు కోట్ల బాత్‌లు పెట్టుబడి పెట్టి మంత్రి అనుమతితో ఒక రాయి (మన లెక్కలో సుమారు నలభై సెంట్లు) పొందడం వంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప, పరదేశికి నేల లేదు. అంతస్తుల భవనంలో వాటా కొనవచ్చు, అదీ మొత్తం విస్తీర్ణంలో పరదేశీయులది నూటికి 49 మించకుండా.

1970 అనగానే మన ఏజెన్సీలో ఉద్యోగం చేసిన ఎవరికైనా మరొక చట్టం గుర్తుకు రావాలి. గిరిజన ప్రాంతాల్లో భూమి గిరిజనులకు తప్ప అన్యులకు బదిలీ కాకూడదన్న ‘వన్ ఆఫ్ సెవెంటీ’ వచ్చినదీ ఆ ఏడాదే. దాన్ని తప్పించుకోవడానికి మైదానపు ఆసాములు ఏం చేశారో నేను ఏజెన్సీ బడిలో ఉన్న రోజుల్లో చూశాను. గిరిజన స్త్రీని పెళ్ళాడి ఆమె పేర పట్టా పెట్టుకున్నవారున్నారు. పెళ్ళి పేరుతో పొలం చేసుకుని, ఆమెను కూలికి పంపినవారూ ఉన్నారు. థాయి ప్రభుత్వానికి పరదేశి అల్లుని మీద ఉన్న అనుమానం నాకు అందుకే వింతగా తోచలేదు. నా శిష్యుడు అటువంటివాడు కాడు. కాని చట్టానికి మనిషి మొగం కనపడదు గదా!

ఈ రెండు చట్టాలు కలిసే చోటు పరదేశిని పెళ్ళాడిన థాయి స్త్రీ. వివాహకాలంలో సంపాదించినది ‘సిన్ సోమ్‌రోత్’, ఉభయుల ఆస్తి. అది కుటుంబ చట్టం. అందులో భూమి ఉంటే పరదేశికి సగం వచ్చినట్లే. అది భూమి చట్టం ఒప్పదు. ఈ చిక్కు వల్ల చాలాకాలం భూమి కార్యాలయాల్లో పరదేశిని పెళ్ళాడిన స్త్రీకి భూమి రాయడానికే నిరాకరించేవారు. ఒక పౌరురాలు తన దేశంలో తానే పరాయిదయింది. 1999లో అంతరంగిక వ్యవహారాల మంత్రిత్వశాఖ ఒక ఉపాయం చెప్పింది: కొనే సొమ్మంతా థాయి దంపతి స్వంత ఆస్తి, ‘సిన్ సువన్ తువా’ అని ఇద్దరూ వ్రాతపూర్వకంగా ప్రకటిస్తే రిజిస్టరు చేయవచ్చునని. నా శిష్యుణ్ణి బాధించిన సంతకం ఇదే. అది అతన్ని అవమానించడానికి పుట్టలేదు. అతని భార్య వంటి స్త్రీలకు పోయిన హక్కును తిరిగి ఇవ్వడానికి పుట్టింది. ఈ సంగతి వ్రాస్తే అతను మూడు వారాలు జవాబు వ్రాయలేదు.

దోసతీగ సంగతి ఇప్పుడు చూద్దాం. వేరు ఎవరిదో కాయ వారిదన్న అమాత్యుని తీర్పు ప్రకారమైతే, సొమ్ము పెట్టినవాడు సొమ్మెవరిదో నిరూపించుకుంటే చాలు. ఆధునిక థాయి స్మృతి మాత్రం మనోసారుడు ఓడిపోయిన తీర్పువైపే మొగ్గింది. పక్కవాని నేల మీద సహజంగా రాలిన కాయ ఆ నేల ఫలమేనని 1348వ సెక్షను భావిస్తుంది. ఇల్లు భూమిలో అంతర్భాగం, భూమిగలవారిదే ఇల్లు. అయితే 1474వ సెక్షనులో మరొక మాట ఉంది: స్వంత ఆస్తి నుంచి వచ్చే ఫలాలు ఉభయుల సొత్తు. అంటే స్థలం ఆమెదే అయినా దాని అద్దెలో, పంటలో ఇద్దరికీ భాగం ఉంది.

అందుచేత భూమికి ఆశపడకుండా భూమి మీది హక్కును అడగడమే వివేకం. ముప్పై ఏళ్ళ వరకు లీజు పెట్టుకోవచ్చు. మూడేళ్ళు దాటితే రిజిస్టరు తప్పనిసరి. నేల ఒకరిది, దానిపై కట్టడం మరొకరిది అయ్యేట్లు వ్రాసుకునే హక్కు ఒకటుంది. బ్రతికినంతకాలం అనుభవించే హక్కు మరొకటి. దానికి వారి పేరు ‘సిత్తి కెప్ కిన్’, అంటే ఏరుకుని తినే హక్కు. ఇంత రుచిగల చట్టపదం నేనెక్కడా వినలేదు. వీటన్నిటికీ ఒక గండం ఉంది. వివాహకాలంలో దంపతులు తమలో తాము చేసుకున్న ఆస్తి ఒప్పందాన్ని, వివాహం ఉన్నంతకాలమూ, అది రద్దయిన తరువాత ఒక ఏడాది లోపలా, ఎవరైనా రద్దు చేయవచ్చునని 1469వ సెక్షను చెబుతుంది. పెళ్ళికి ముందు ఒప్పందమైతే వివాహం నమోదు చేసేటప్పుడే దాన్నీ నమోదు చేయించాలి. అతనికి ఆ సమయం దాటిపోయింది. థాయి మిత్రుల పేర కంపెనీ పెట్టి దాని పేర భూమి కొనే మార్గం ఒకటి కొందరు చెబుతారు. అది నేరం. ఆ మార్గం వద్దని గట్టిగా వ్రాశాను.

భార్య ముందుగా గతిస్తే ఏమిటన్నది అతను అడగలేదు, నేనే వ్రాశాను. భర్త ఆమెకు వారసుడే. బిడ్డలతో సమానంగా ఒక భాగం వస్తుంది. కాని ఆ భాగం భూమి అయితే, ఉంచుకోవడానికి మంత్రి అనుమతి కావాలి. అది దొరకకపోతే అధికారులు నిర్ణయించిన గడువులో, ఏడాదికి మించకుండా, అమ్మి సొమ్ము తీసుకోవాలి. వారి అమ్మాయికి ఇప్పుడు నాలుగేళ్ళు. తల్లి థాయి పౌరురాలు గనుక పాపా థాయి పౌరురాలే. ఆ నేల ఆమెకు సంక్రమించడానికి ఏ అడ్డంకీ లేదు. తల్లి చేత ‘వినయకర్మ’ పాప పేర వ్రాయించమని చెప్పాను. ఇక్కడి రెండెకరాలు మాత్రం ఇంకా అమ్మలేదు. మొన్న ఫోనులో మాట్లాడినప్పుడు ఒక ఎకరమే అమ్ముతానని అన్నాడు.